ఊపిరితిత్తి కణితికి రక్తం ఎంత అందుతోంది? ఏ స్కాన్ ఎంచుకోవాలి?

రిక్వెస్ట్ కాగితం మీద ‘లంగ్ పర్ఫ్యూజన్ స్కాన్’ అని మాత్రమే రాసి వస్తే నేను సిరంజి తీయను, ఫోన్ తీస్తాను. రాసిన డాక్టరుగారిని ఒకే మాట అడుగుతాను: “మీకు కావలసింది ఊపిరితిత్తికి అందే రక్తం లెక్కా, అందులో ఉన్న గడ్డకి అందే రక్తం లెక్కా?” చాలాసార్లు అవతలి నుంచి కాసేపు మాట రాదు. ఆ రెండు లెక్కలకీ ఇచ్చే మందు వేరు, పెట్టే యంత్రం వేరు, వచ్చే జవాబు వేరు. పేరొక్కటే ఒకటి. అడక్కుండా చేసేస్తే ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఉంటుంది. స్కాన్ చక్కగానే వస్తుంది, కాకపోతే ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు వస్తుంది.

మా న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో కొత్తగా చేరిన పీజీలకీ, రిసెర్చ్ మొదలుపెట్టేవాళ్లకీ, తమ ఇంట్లోవాళ్లకి రాసిన స్కాన్ ఏమిటో అర్థం చేసుకోవాలనుకునే వాళ్లకీ ఉపయోగపడేలా నాకు తెలిసినంతవరకు ఈ పోలిక రాస్తున్నాను. లెక్కలు కొన్ని తప్పవు, అవి కూడికలు, గుణకారాలు దాటవు.

ఒక ఊపిరితిత్తి, రెండు కాలువలు

ఊపిరితిత్తికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. గుండె కుడివైపు నుంచి పుపుస ధమని ద్వారా వచ్చేది పెద్ద కాలువ. శరీరమంతా తిరిగి వచ్చిన చెడు రక్తం మొత్తం ఆ దారినే ఆక్సిజన్ కోసం ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. రెండోది చిన్న పిల్లకాలువ: బృహద్ధమని నుంచి చీలే బ్రాంకియల్ ధమనులు. గుండె పంపే రక్తంలో వీటికి వచ్చే వాటా సుమారు ఒక శాతం. శ్వాసనాళాల గోడలను పోషించేది ఈ రక్తమే.

ఊపిరితిత్తిలోనే పుట్టిన క్యాన్సర్ గడ్డలు ఎక్కువగా ఈ పిల్లకాలువ మీదే ఆధారపడి పెరుగుతాయి. అంచుల్లో ఉండే గడ్డలు, వేరే చోట నుంచి పాకి వచ్చిన గడ్డలు కొన్ని పెద్ద కాలువ నుంచి కూడా తీసుకుంటాయి. ఒకే గడ్డలో రెండూ కలిసిన సందర్భాలూ ఉంటాయి.

చేతి నరంలోకి ఎక్కించిన ఏ మందైనా ముందు గుండె కుడివైపుకి, అక్కడి నుంచి పెద్ద కాలువలోకి వెళుతుంది. ఊపిరితిత్తులు దాటి, గుండె ఎడమవైపుకి వచ్చి, బృహద్ధమనిలో పడి, అప్పుడు బ్రాంకియల్ ధమనులకి చేరుతుంది. ఈ రెండు చేరికల మధ్య తేడా కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లని పట్టించుకుంటామా లేదా అన్నదాని మీదే సగం పోలిక తేలిపోతుంది.

ఇంకో తేడా కూడా మొదటే చెప్పాలి. మడిలో నిలిచిన నీళ్లు ఎన్ని అన్నది ఒక లెక్క, కాలువలోంచి నిమిషానికి మడిలోకి ఎన్ని వచ్చి పడుతున్నాయన్నది మరో లెక్క. మొదటిది రక్త పరిమాణం, రెండోది రక్తప్రవాహం. గడ్డలో నాళాలు దండిగా ఉండి, అవి వంకరటింకరగా మూసుకుపోయి ఉంటే నీళ్లు నిలిచి ఉంటాయి గానీ పారవు. కీమో మందు గడ్డలోకి చేరేది పారే రక్తంతోనే. రేడియేషన్ బాగా పనిచేయాలంటే కావలసిన ఆక్సిజన్ వచ్చేదీ అలాగే. అందుకే మనకి కావలసిన సంఖ్యకి కొలత ‘నిమిషానికి ఒక ఘన సెంటీమీటరు కణజాలానికి ఇన్ని మిల్లీలీటర్లు’ అని ఉంటుంది. నిమిషం అన్న మాట లేని సంఖ్య ఎవరైనా చూపిస్తే అది ప్రవాహం కాదు.

ఎంఏఏ స్కాన్: మంచి స్కాన్, వేరే ప్రశ్నకి

చాలా ఆసుపత్రుల్లో ‘లంగ్ పర్ఫ్యూజన్’ అంటే ఇదే. టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థం అంటించిన అల్బుమిన్ ప్రోటీన్ రేణువులను, అంటే ఎంఏఏని, నరంలోకి ఎక్కిస్తారు. అవి ఎక్కువగా 10 నుంచి 90 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. ఊపిరితిత్తి కేశనాళిక వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లే కాబట్టి రేణువులు అక్కడే ఇరుక్కుపోతాయి. ఎక్కించేవి కొన్ని లక్షల రేణువులు. వాటివల్ల మూసుకునేవి వెయ్యింట ఒక వంతు నాళాలు కూడా ఉండవు కాబట్టి పేషెంటుకి ఏమీ తెలియదు. తర్వాత రేణువులు విడిపోయి కరిగిపోతాయి. టెక్నీషియం అర్ధ జీవితకాలం, అదే మనం హాఫ్‌లైఫ్ అనేది, 6 గంటలు. గామా కెమెరా ముందు నిదానంగా బొమ్మలు తీసుకోవచ్చు.

రేణువులు మొదటి జల్లెడలోనే ఆగిపోతాయి, పిల్లకాలువ దాకా వెళ్లవు. కాబట్టి ఈ బొమ్మలో గడ్డ ఉన్న చోటు ఖాళీగా, నల్లగా కనిపిస్తుంది. దాన్ని చూసి “గడ్డకి రక్తం అందడం లేదు” అని రిపోర్టు రాసినవాళ్లని నేను చూశాను. ఆ ఖాళీకి అర్థం అది కాదు, ‘పెద్ద కాలువ రక్తం ఇటు రాలేదు’ అని మాత్రమే. అదే గడ్డకి బ్రాంకియల్ ధమని నుంచి రక్తం జోరుగా పారుతూ ఉండొచ్చు. ఒక్కోసారి చిన్న గడ్డే పుపుస ధమని కొమ్మని నొక్కేసి, తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద భాగాన్ని ఖాళీగా చూపిస్తుంది.

మరి ఇది ఎందుకు పనికొస్తుంది? ఆపరేషన్‌కి ముందు లెక్కకి. గడ్డతో పాటు ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేస్తే మిగిలినదానితో మనిషి ఊపిరి తీసుకోగలడా అన్నది సర్జన్ ప్రశ్న. ఒక పేషెంటు ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో బలంగా వదలగలిగిన గాలి, 1.8 లీటర్లు అనుకుందాం. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తికి 40 శాతం రక్తం, ఎడమదానికి 60 శాతం వెళుతోంది. కుడిది మొత్తం తీసేయాల్సి వస్తే మిగిలేది 1.8లో 60 శాతం, అంటే 1.08 లీటర్లు. ఆ వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడికి ఉండాల్సింది 3 లీటర్లు అయితే ఇది 36 శాతం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ 2013 మార్గదర్శకాల ప్రకారం ఎఫ్‌ఈవీ1, డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చెప్పే కొలత) రెండింటి అంచనాలూ 60 శాతం దాటితే ఇంకే పరీక్షా అక్కర్లేదు. రెండింటిలో ఏదైనా 30కీ 60కీ మధ్య ఉంటే మెట్లెక్కించి గానీ నడిపించి గానీ చూడాలి. ఏ ఒక్కటి 30 కన్నా తక్కువగా వచ్చినా పూర్తిస్థాయి వ్యాయామ పరీక్ష చేయాలి. మన పేషెంటు ముందు మెట్లెక్కాలన్నమాట.

మొత్తం ఊపిరితిత్తి తీసేటప్పుడు మామూలు రెండు వైపుల బొమ్మలు చాలు. ఒక్క లోబ్ (ఊపిరితిత్తిలో ఒక భాగం) తీసేటప్పుడు మాత్రం స్పెక్ట్-సీటీ, అంటే గామా కెమెరాని చుట్టూ తిప్పి సీటీతో కలిపి తీసేది, అడగండి. ముందు నుంచి తీసిన బొమ్మలో లోబ్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి, గీతలు గీసి విడదీయడం అంచనా వ్యవహారమే. రేడియేషన్ ప్లానింగ్‌లో బాగా పనిచేసే భాగాలని తప్పించి కిరణాలు పంపడానికి కూడా ఇదే స్కాన్ వాడుతున్నారు. దీని అన్న లాంటిది గాలియం-68 ఎంఏఏ. హాఫ్‌లైఫ్ 68 నిమిషాలు, పాజిట్రాన్లు వెలువరించే మందుల్ని పట్టే పెట్ కెమెరాలో తీస్తారు, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. అయితే అదీ పెద్ద కాలువ లెక్కే.

టెక్నీషియన్లకి ఒక మాట: ఎంఏఏ ఎక్కించేటప్పుడు సిరంజిలోకి రక్తం వెనక్కి లాగొద్దు. లోపల చిన్న రక్తపు గడ్డలు కట్టి, బొమ్మలో మెరిసే చుక్కలుగా కనిపించి అందరినీ కంగారు పెడతాయి. పుపుస ధమనిలో బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకీ, గుండెలో రంధ్రం వల్ల రక్తం కుడి నుంచి ఎడమకి దాటే వాళ్లకీ రేణువుల సంఖ్య తగ్గించాలి.

ఆక్సిజన్-15 నీరు: అసలు సిసలు కొలత

గడ్డలో రక్తప్రవాహమే కావాలంటే, రేడియోధార్మిక ఆక్సిజన్‌తో చేసిన ఈ నీటిని ఎక్కించి పెట్ కెమెరాలో చూడడాన్ని మించినది లేదు. ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు, ఈ రంగంలో మిగతా పద్ధతులన్నిటినీ దీనితోనే సరిచూస్తారు.

కారణం చాలా మామూలుది. నీరు నీరే కాబట్టి. రక్తంతో పాటు వచ్చిన నీటి అణువు నాళం గోడ దాటి కణజాలంలోకి దాదాపు అడ్డు లేకుండా వెళుతుంది, అలాగే తిరిగి వస్తుంది. దాన్ని లోపలికి మోసుకెళ్లే ప్రోటీన్ అక్కర్లేదు, కణం దాన్ని పట్టి ఉంచదు, రసాయన మార్పు చేయదు. కాబట్టి గడ్డలోకి ట్రేసర్, అంటే ఈ గుర్తు పెట్టిన నీరు, ఎంత వేగంగా చేరిందో, ఎంత వేగంగా కడుక్కుపోయిందో చూస్తే అది నేరుగా రక్తం వేగమే. 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రం, 1940లలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి మెదడు రక్తప్రవాహం కొలిచిన పద్ధతి, ఈ స్కాన్ వెనక ఉన్నవి అవే. లోపలికి వచ్చింది ఎంత, బయటికి పోయింది ఎంత, తేడా ఎంత నిలిచింది. ఇంటి జమాఖర్చు లెక్కే.

జమ వైపు లెక్క సరిగ్గా ఉండాలంటే ధమని రక్తంలో ట్రేసర్ ప్రతి సెకనూ ఎంత ఉందో తెలియాలి. దీన్ని ఇన్‌పుట్ ఫంక్షన్ అంటారు. వెనకట మణికట్టు ధమనిలో గొట్టం పెట్టి రక్తం తీసేవారు. ఊపిరితిత్తి గడ్డల విషయంలో ఒక సౌకర్యం ఉంది. గుండె, బృహద్ధమని ఎలాగూ అదే బొమ్మలో పడతాయి కాబట్టి, బృహద్ధమని మీద చిన్న గీత గీసి ఆ లెక్క బొమ్మలోంచే తీసుకోవచ్చు. పేషెంటుకి ఒక సూది తప్పుతుంది. పుపుస ధమని రక్తం గడ్డ లెక్కలో కలిసిపోకుండా మోడల్‌లో, అంటే లెక్క కట్టే సమీకరణంలో, దానికి విడిగా ఒక పదం పెట్టాలి. కొందరు ఇది మర్చిపోతారు. గడ్డ మధ్యలో చచ్చిపోయిన భాగం ఉంటే, నీటిని మార్చుకోగలిగిన కణజాలం వంతు ఎంతో కూడా ఇదే లెక్క చెబుతుంది.

రేడియేషన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 370 మెగాబెకరెల్ డోసుకి పేషెంటుకి పడేది సుమారు 0.4 మిల్లీసీవర్ట్. అంతే డోసు ఎఫ్‌డీజీకి (పెట్ స్కాన్లలో మామూలుగా వాడే, ఫ్లోరిన్-18 అంటించిన గ్లూకోజ్ లాంటి మందు) పడేది 7 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. ఆక్సిజన్-15 హాఫ్‌లైఫ్ 2 నిమిషాలు. పది నిమిషాలయ్యేసరికి అయిదు సగాలు పోయి నూటికి మూడు వంతులే మిగులుతుంది. కాబట్టి అదే పూట మళ్లీ ఎక్కించి రెండోసారి కొలవొచ్చు. మందుకి ముందు, మందు తర్వాత అని చూడాలనుకునే వాళ్లకి ఇది వరం.

ఆ వరమే శాపం కూడా. రెండు నిమిషాలకి సగమైపోయే వస్తువుని ఇంకో ఆసుపత్రి నుంచి కారులో తెప్పించలేం. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం అదే భవనంలో, వీలైతే పక్క గదిలో ఉండాలి, స్కాన్ జరుగుతున్నంతసేపూ దాన్ని నడిపేవాళ్లు ఉండాలి. ప్రపంచంలో చాలా పెట్ కేంద్రాలు ఫ్లోరిన్-18 మందులు బయట నుంచి కొనుక్కునేవే. వాళ్లకి ఈ దారి మూసుకున్నట్టే.

ఇంత కష్టపడితే వచ్చే లాభమేమిటంటే, ఒక ఉదాహరణ చాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆస్ట్రిడ్ వాన్ డర్ వెల్ట్ బృందం 2012లో ‘క్యాన్సర్ సెల్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. నాన్-స్మాల్-సెల్ ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్నవాళ్లకి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇచ్చి, ఆక్సిజన్-15 నీటితో రక్తప్రవాహాన్నీ, కార్బన్-11 అంటించిన డోసిటాక్సెల్‌తో కీమో మందు గడ్డలోకి ఎంత చేరుతోందో దాన్నీ కొలిచారు. అయిదు గంటల్లోపే గడ్డకి రక్తం తగ్గింది, దాంతో పాటు డోసిటాక్సెల్ చేరడమూ తగ్గింది. నాలుగు రోజుల తర్వాత కూడా అలాగే ఉంది. నాళాలని ‘సర్ది’ కీమో బాగా వెళ్లేలా చేస్తుందని చాలామంది ఆశించిన మందు, ఆ కొద్దిమందిలో దానికి ఎదురు పని చేసింది. రెండు మందుల్లో ఏది ముందు, ఎంత ఎడంతో ఇవ్వాలన్న ప్రశ్న అక్కడి నుంచి గట్టిపడింది. గడ్డ సైజు చూసే సీటీకి అయిదు గంటల్లో ఏ తేడా కనిపించేది కాదు.

ఎఫ్‌డీజీ మొదటి రెండు నిమిషాలు: ఉన్నంతలో ఉత్తమం

మామూలు ఎఫ్‌డీజీ పెట్‌లో మందు ఎక్కించి పేషెంటుని గంటసేపు గదిలో పడుకోబెడతారు, తర్వాత స్కాన్. ఆ గంట తర్వాతి బొమ్మలో మెరిసేది గ్లూకోజ్ వాడకం. దాని ఎస్‌యూవీ, అంటే ఆ మెరుపు కొలత, 12 ఉందంటే రక్తం బాగా అందుతోందని కాదు. ఈ అపోహ చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. ఆకలితో ఉన్న గడ్డ అరకొరగా వచ్చే రక్తంలోంచే చక్కెరంతా లాక్కోవచ్చు. రక్తం తక్కువ, చక్కెర వాడకం ఎక్కువ అన్న ఈ జోడీనే చాలామంది చికిత్సకి లొంగని గడ్డల గుర్తుగా చూస్తారు.

కానీ ఎక్కించిన మొదటి రెండు నిమిషాల కథ వేరు. అప్పటికి ఎఫ్‌డీజీకి కణాల్లో మార్పు చెందే వ్యవధి ఉండదు, వెనక్కి కడుక్కుపోయేదీ తక్కువే. గడ్డలో కనిపించేది దాదాపు రక్తం మోసుకొచ్చినదే. పేషెంటుని ముందే యంత్రంలో పడుకోబెట్టి, ఎక్కించిన క్షణం నుంచి అయిదేసి సెకన్ల ముక్కలుగా బొమ్మలు తీస్తే ప్రవాహం అంచనా దొరుకుతుంది. 2008లో నిజార్ ములానీ బృందం గడ్డల్లో ఇలా తీసిన ఎఫ్‌డీజీ లెక్కని ఆక్సిజన్-15 నీటి లెక్కతో పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ బాగా కలిశాయి.

‘కలిశాయి’ అంటే ‘ఒకటే’ అని కాదు. నీటిలా ఎఫ్‌డీజీ అడ్డు లేకుండా గోడ దాటదు, గ్లూకోజ్‌ని మోసే ప్రోటీన్లు దాన్ని లోపలికి తేవాలి. మనకి దొరికేది రక్తప్రవాహాన్ని, లాక్కునే శక్తితో గుణించిన విలువ, దీన్నే కె1 అంటారు. రక్తం మరీ జోరుగా పారే గడ్డలో లాక్కునే వంతు తగ్గి, సంఖ్య తక్కువగా వస్తుంది. అదే పేషెంటులో ముందూ వెనకా పోల్చుకోవడానికి ఇది ఇబ్బంది కాదు. ఇద్దరు పేషెంట్ల మధ్య చిన్న తేడాలని పోల్చడానికి మాత్రం నేను వాడను.

లాభం ఏమిటంటే వేరే మందు అక్కర్లేదు, అదనపు రేడియేషన్ దాదాపు లేదు, ఒకే సూదితో ప్రవాహం, చక్కెర వాడకం రెండూ వస్తాయి. నష్టం యంత్రం సమయం. ఒక పేషెంటు మీద పదిహేను నిమిషాలు అదనంగా పోతాయి, రద్దీగా ఉండే కేంద్రంలో షెడ్యూలు చూసేవాళ్లు మొహం చిట్లిస్తారు. మామూలు పెట్ యంత్రం ఒక్కసారికి చూడగలిగేది జానెడు, మూరెడు మధ్యే కాబట్టి ఆ కిటికీలో గడ్డా, బృహద్ధమనీ రెండూ పడేలా ముందే సర్దుకోవాలి. 2018లో మొదటిసారి మనుషుల మీద వాడిన ఎక్స్‌ప్లోరర్ లాంటి శరీరమంతా ఒకేసారి చూసే యంత్రాలకి ఈ బాధ లేదు. సైమన్ చెర్రీ, రామ్సే బదావి నాయకత్వంలో తయారైన దాని పొడవు 194 సెంటీమీటర్లు. తల నుంచి కాలి దాకా ప్రతి క్షణం ఒకేసారి కనిపిస్తుంది, పట్టుకునే సంకేతం ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి యంత్రం అందుబాటులో ఉంటే ఎఫ్‌డీజీ పద్ధతి మీద నా సందేహాల్లో సగం పోతాయి.

గుండె కోసం పుట్టినవి

రుబీడియం-82, నైట్రోజన్-13 అమోనియా గుండె రక్తప్రసరణ స్కాన్లలో రోజూ వాడేవే. “అది మన దగ్గర ఉందిగా, గడ్డకీ వాడదాం” అన్న ఆలోచన సహజం. రుబీడియంకి సైక్లోట్రాన్ అక్కర్లేదు, స్ట్రాన్షియం-82 జెనరేటర్‌లోంచి పిండుకోవచ్చు. హాఫ్‌లైఫ్ 76 సెకన్లు. అయితే దాని పాజిట్రాన్ చాలా శక్తితో బయల్దేరి, దూరం పోయి ఆగుతుంది. ఫ్లోరిన్-18 పాజిట్రాన్ గరిష్ఠ శక్తి 0.63 ఎంఈవీ అయితే దీనిది 3.4 దాకా ఉంటుంది. గాలి నిండిన ఊపిరితిత్తిలో ఇంకా దూరం పోతుంది. చిన్న గడ్డ మసకబారిపోతుంది. పైగా రుబీడియం కణాల్లోకి పూర్తిగా లాక్కోబడదు, ఆ వంతు గుండె కండరంలో ఎంతో తెలుసు గానీ గడ్డ గడ్డకీ ఎంతో తేల్చడం కష్టం.

అమోనియాది ఇంకో గొడవ. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో అది మామూలు కన్నా ఎక్కువగా నిలిచిపోతుందని గుండె స్కాన్లు చేసేవాళ్లందరికీ తెలుసు. మన పేషెంట్లలో పొగతాగినవాళ్లే ఎక్కువ. వెనకంతా వెలుగుతుంటే ముందున్నది ఎలా కనబడుతుంది? ఈ రెండూ నేను వద్దనే అంటాను.

సెస్టమిబీ, థాలియం-201 స్పెక్ట్ గురించి ఒక్క ముక్క. అవి గడ్డలో చేరడానికి రక్తం కావాలి, కానీ నిలవడానికి మైటోకాండ్రియా, పొటాషియం పంపు లాంటివి కావాలి. సెస్టమిబీని పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు బయటికి తోసేస్తుంది కూడా. కీమో మందులని తోసేసేదీ అదే పంపు కావడంతో మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకి దాన్ని వాడి చూశారు. ప్రవాహం కొలతకి మాత్రం పనికిరాదు.

మా విభాగం బయటి పోటీ

న్యూక్లియర్ మెడిసిన్ మనిషిని కదా అని సీటీ పర్ఫ్యూజన్‌ని తక్కువ చేయలేను. అయోడిన్ మందు ఎక్కించి ఒకే చోట పదేపదే సీటీ తీస్తారు. దానికున్న గొప్ప బలం వేగం, స్పష్టత. మొదట్లో చెప్పిన ఆ కొన్ని సెకన్ల తేడా గుర్తుందా? పుపుస ధమని నుంచి వచ్చినదెంత, బ్రాంకియల్ ధమని నుంచి వచ్చినదెంత అని విడదీయడం సీటీకి వీలవుతుంది. పెట్‌కి అది కష్టం. రెండు కాలువల వాటానే మీ ప్రశ్న అయితే సీటీ వాళ్ల తలుపు తట్టండి. 320 వరుసల యంత్రం బల్ల కదపకుండానే 16 సెంటీమీటర్ల మేర చూస్తుంది. దానికి ఇబ్బందులు రేడియేషన్, కిడ్నీలు సరిగా లేనివాళ్లకి అయోడిన్ భయం, అయోడిన్ నాళం బయటికి కారడం వల్ల లెక్కలో వచ్చే గందరగోళం. ఎంఆర్ (ఎంఆర్ఐ) స్కాన్‌లో రేడియేషన్ ఉండదు, కానీ గాలి నిండిన ఊపిరితిత్తి ఎంఆర్‌కి అచ్చిరాదు. ఛాతీ గోడకి అంటుకున్న పెద్ద గడ్డలకి పరవాలేదు.

మరి మీరు ఏది తీసుకోవాలి

ఆపరేషన్‌కి ముందు ఊపిరి లెక్క కావాలంటే ఎంఏఏ, లోబ్ స్థాయిలో అయితే స్పెక్ట్-సీటీతో. ఇందులో ఆలోచించడానికేం లేదు. దానికోసం ఆక్సిజన్-15 నీరు అడగడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

నాళాల మీద పనిచేసే మందు గంటల్లో, రోజుల్లో ఏం చేస్తోందో తెలుసుకునే పరిశోధన అయితే, పక్కనే సైక్లోట్రాన్ ఉంటే, ఆక్సిజన్-15 నీరు. సైక్లోట్రాన్ లేకపోతే దాని కోసం అధ్యయనాన్ని ఆపకండి. డైనమిక్ ఎఫ్‌డీజీతో మొదలుపెట్టి, ‘కె1 విలువ’ అని నిజాయితీగా రాయండి, ‘రక్తప్రవాహం’ అని రాయకండి.

ఒక పేషెంటుకి ఎలాగూ స్టేజింగ్ కోసం, అంటే క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడడానికి, ఎఫ్‌డీజీ చేస్తున్నారు, ప్రవాహం సమాచారం కూడా వస్తే బాగుండునని అనిపిస్తే ఆ మొదటి రెండు నిమిషాలు తీసుకోండి. అయితే దాని మీద ఆధారపడి చికిత్స మార్చకండి. రోజువారీ చికిత్సలో గడ్డ రక్తప్రవాహం సంఖ్యని బట్టి మందు మార్చే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఇంట్లోవాళ్లు “ఆ స్కాన్ కూడా చేయించమంటారా?” అని అడిగితే, ట్రయల్‌లో ఉంటే తప్ప అక్కర్లేదనే నేను చెబుతాను.

గడ్డ రెండు సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే ఏ పెట్ సంఖ్యనీ గట్టిగా నమ్మకండి. కెమెరా చూపు నాలుగైదు మిల్లీమీటర్ల దగ్గరే మసకబారుతుంది కాబట్టి చిన్న గడ్డ విలువ చుట్టూ ఉన్న ఊపిరితిత్తిలోకి కారిపోయి తక్కువగా వస్తుంది. గుండెకో బృహద్ధమనికో ఆనుకున్న గడ్డది దీనికి తలకిందులు, పక్కింటి వెలుగు దీని మీద పడి ఎక్కువ చూపిస్తుంది. కింది లోబ్‌లో ఉన్న గడ్డ ఊపిరితో పాటు సెంటీమీటరు, ఒక్కోసారి రెండు దాకా పైకీ కిందికీ కదులుతుంది. సీటీ తీసినప్పుడు ఊపిరి బిగబట్టి, పెట్ తీసినప్పుడు మామూలుగా పీలిస్తే రెండు బొమ్మలూ కలవవు, డయాఫ్రమ్ దగ్గర లెక్క తప్పుతుంది. సీటీని కూడా మెల్లగా పీలుస్తుండగానే తీయమని చెప్పండి.

ఏది ఎంచుకున్నా కొన్ని చిన్న పనులు సంఖ్యని నిలబెడతాయి లేదా పాడుచేస్తాయి. గడ్డ ఉన్న వైపు చేతికి సూది పెట్టొద్దు. భుజం దగ్గర నరంలో మెరుస్తూ వచ్చే మందు పైలోబ్ గడ్డ మీద చారలు వేస్తుంది. మందు చేతితో నిదానంగా కాకుండా పంపుతో ఒకే వేగంలో వెళ్లాలి, లేకపోతే ఇన్‌పుట్ ఫంక్షన్ ప్రతిసారీ ఒక్కో ఆకారంలో వస్తుంది. రిపోర్టులో కొలత పూర్తిగా రాయాలి. 0.4 అని ఒకరు రాస్తారు, 40 అని ఇంకొకరు రాస్తారు, ఒకటి ఒక్క ఘన సెంటీమీటరుకి, ఇంకోటి నూరింటికి, రెండూ ఒకటే. పోలిక కోసం చెప్పాలంటే ఆరోగ్యంగా ఉన్న మెదడుకి సగటున నూరు గ్రాములకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది.

రెండోసారి కొలిచేటప్పుడు అదే యంత్రం, అదే సాఫ్ట్‌వేర్, అదే మోడల్, గడ్డ చుట్టూ గీత గీసే మనిషి కూడా అదే అయితే మంచిది. మధ్యలో యంత్రం మారితే నేను ఆ రెండు సంఖ్యలని ఒకే పట్టికలో వేయను. మందు ఇచ్చిన ఎన్ని గంటలకి తీశారో గడియారం చూసి రాసుకోండి. ‘మర్నాడు’ అని రాసిన కాగితాలు నా దగ్గరకి వచ్చాయి. అయిదు గంటల్లో మారిపోయే వస్తువుకి మర్నాడు అంటే పొద్దున తొమ్మిదా, సాయంత్రం ఆరా అని అడగడానికి మళ్లీ ఫోన్ తీయాల్సి వచ్చింది.